గాలి తక్కువా, కూలింగ్ తక్కువా?

హనుమాన్ జంక్షన్ దగ్గర కారాపి కొబ్బరిబోండాలు తాగి మళ్ళీ ఎక్కాం. ఎక్కి రెండు నిమిషాలైందో లేదో వెనక సీట్లోంచి అమ్మ అంది: "ఇప్పుడు కాస్త నయంరా, గాలి తగులుతోంది." నిజమే. ఏలూరులో బయల్దేరినప్పుడు వచ్చినంత గాలి మళ్ళీ వస్తోంది. గన్నవరం చేరేసరికి అదీ పోయింది. విమానాశ్రయం గోడ పక్కగా వెళ్తూ ఎడమ చెయ్యి చాచి చూశాను. నాబు నాలుగు మీదే ఉంది. డ్యాష్‌బోర్డు లోపల ఫ్యాను హోరుమంటోంది. గళ్ళలోంచి వచ్చేది మాత్రం నిద్రపోతున్న పసిపిల్ల ఊపిరంత. ఆ వచ్చే కాస్తా చల్లగానే ఉంది. ఆ చివరి మాటే అసలు సంగతి అని నాకు అప్పటికి తెలీదు.

రోహిణి కార్తె రెండో రోజు. పదకొండున్నరకే తారు మీద నీళ్ళున్నట్టు ఎండమావులు. ముందు లారీ కింద నీడ తప్ప రోడ్డు మీద ఇంకో నీడ లేదు. అద్దాలు దించేసుకుందామంటే వీల్లేదు. అమ్మకి శుక్లం ఆపరేషన్ అయి పది రోజులే, కంట్లో దుమ్ము పడకూడదన్నారు డాక్టరుగారు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, తడి తువ్వాలు మెడ చుట్టూ వేసుకుని కూర్చుంది. "గ్యాసు వేయించావు కదరా మొన్న?" అని అడిగింది. వేయించాను. పదిహేను రోజులైంది, పద్దెనిమిది వందలైంది. ఏసీ సరిగ్గా లేదంటే గ్యాసే అనుకోవడం అందరికీ ఉన్న అలవాటు, నాకూ ఉంది.

రామవరప్పాడు రింగు, బెంజ్ సర్కిల్, ఆసుపత్రి. కన్ను బాగుందన్నారు. అమ్మని పటమటలో పిన్ని వాళ్ళింట్లో దించి, భోజనం కూడా చేయకుండా ఆటోనగర్ దారి పట్టాను.

ఆటోనగర్ గేటు దాటగానే నేల రంగు మారిపోతుంది. ఏళ్ళ తరబడి నూనె తాగిన నల్ల మన్ను. ఒక పక్క బస్సు అస్థిపంజరానికి రేకులు బిగిస్తున్నారు, ఇంకో పక్క లారీ క్యాబిన్‌కి పసుపు రంగు కొడుతున్నారు, థిన్నర్ వాసన కళ్ళల్లో గుచ్చుతోంది. వెల్డింగ్ మెరుపులు, సుత్తి దెబ్బలు, ఎక్కడో కంప్రెసర్ నిండి బుస్సుమని గాలి వదిలిన చప్పుడు. ఏసీ పని చేసే షెడ్డు ఒక సందు చివర ఉంది. రేకుల కప్పు మీద గోనెసంచులు పరిచి నీళ్ళు చల్లారు. మేస్త్రికి అరవై దాటి ఉంటాయి, చొక్కా జేబులో చిన్న టార్చి, స్క్రూడ్రైవరు, థర్మామీటరు పుల్ల. పక్కన ఒక కుర్రాడు.

"ఏమైందండీ?"

"ఏసీ పని చేయట్లేదు మేస్త్రిగారూ."

"అలా చెబితే ఎలాగండీ. గాలి తక్కువా, కూలింగ్ తక్కువా?"

ఏం చెప్పాలో తోచలేదు. పదిహేను రోజుల క్రితం మా ఊళ్ళో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. బానెట్ ఎత్తారు, గొట్టాలు తగిలించారు, గ్యాసు పోశారు, డబ్బు తీసుకున్నారు. గాలిని తోసేది ఒక యంత్రం, దాన్ని చల్లబరిచేది ఇంకొకటి. తోసేది ఫ్యాను, దాన్నే బ్లోయర్ అంటారు. చల్లబరిచేవి కంప్రెసరూ గ్యాసూ కూలింగ్ కాయిలూ. ఫ్యానులో జబ్బుంటే ఎన్ని గ్రాముల గ్యాసు పోసినా గాలి పెరగదు.

"గాలి తక్కువండీ. వచ్చేది చల్లగానే ఉంది," అన్నాను.

మేస్త్రి తలూపి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. నన్ను పక్కన కూర్చోమన్నాడు. ఇంజన్ ఆన్‌లో ఉంది, తలుపులు మూసి ఉన్నాయి, మా ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి. జేబులోంచి పల్చటి టిష్యూ కాగితం ముక్క తీసి మధ్య గడి ముందు వేలాడదీశాడు. నాబు ఒకటి మీద పెట్టాడు: కాగితం కదల్లేదు. రెండు: కొస వణికింది. మూడు, నాలుగు: ఇంకొంచెం వణికింది, అంతే. అతను కాగితం వైపు చూడ్డం లేదు, చెవి డ్యాష్‌బోర్డుకి ఆనించాడు.

"విన్నారా? నంబరు పెంచినకొద్దీ చప్పుడు పెరుగుతోంది. నాలుగు స్పీడులూ వేరువేరుగా వినిపిస్తున్నాయి. మోటారు తిరుగుతోంది. చప్పుడుంది గానీ గాలి లేదు. అంటే దారిలో ఏదో అడ్డం. చప్పుడే లేకపోతే కరెంటు సంగతి చూసేవాణ్ణి."

కరెంటు సంగతి ఎలా ఉంటుందో పక్కన ఆగి ఉన్న ట్యాక్సీలో చూపించాడు. దానికి ఒకటి, రెండు, మూడు పనిచేయవు, నాలుగు మీద పెడితే ఒక్కసారిగా గాలివాన. ఇది బ్లోయర్ రెసిస్టర్ కాలిపోయిన లక్షణం. కింది స్పీడులకి కరెంటుని తగ్గించి పంపే ముక్క అది. నాలుగో స్పీడుకి దాంతో పని లేదు, కరెంటు నేరుగా మోటారుకి పోతుంది. వేడెక్కే ముక్క కాబట్టి దాన్ని ఫ్యాను గాలి తగిలేచోటే బిగిస్తారు. గాలి దారి మూసుకుపోతే దానికీ చల్లదనం అందదు. మోటారు బేరింగు బిగుసుకుపోయినా ఎక్కువ కరెంటు లాగి దాన్ని కాలుస్తుంది. కుర్రాడు ఆ ట్యాక్సీలోంచి తీసిన వైరు కప్లర్ నా చేతిలో పెట్టాడు. తెల్ల ప్లాస్టిక్కు ఒక పక్క కరిగి గోధుమరంగులోకి తిరిగింది, కాలిన వాసన ఇంకా ఉంది. రెసిస్టర్ ఒక్కటే మార్చి, ఈ కప్లర్నీ మోటారునీ చూడకుండా పంపిస్తే మూడు నెలల్లో మళ్ళీ వస్తారంటాడు మేస్త్రి.

మళ్ళీ నా కార్లోకి వచ్చాం. ముఖానికి గాలి కొట్టే గుర్తు మీంచి కాళ్ళ గుర్తు మీదకి, అక్కణ్ణించి అద్దం గుర్తు మీదకి నాబు తిప్పాడు. తిప్పినప్పుడల్లా లోపల ఏదో రేకు టప్పుమని పడుతోంది. గాలి ఎటు పోవాలో చెప్పే తలుపులవి. కొన్ని కార్లలో వాటిని తిప్పే చిన్న మోటారు చెడిపోతుంది, కొన్నింట్లో తలుపుకి అంటించిన ఫోమ్ పొడి పొడై గళ్ళలోంచి నల్ల రవ్వలు రాలతాయి. అప్పుడు ముఖానికి రావాల్సిన గాలి పాదాలకి పోతుంది. నావి బాగానే పడుతున్నాయి. తర్వాత బయటి గాలి, లోపలి గాలి మీట అటూ ఇటూ జరిపాడు. రెండింట్లోనూ కాగితం అంతే వణికింది. బయటి గాలి దారి ఒక్కటే మూసుకుపోయి ఉంటే, లోపలి గాలి మీద పెట్టగానే పుంజుకునేది. అడ్డం ఆ రెండు దారులూ కలిశాక ఎక్కడో ఉంది.

"హైవే మీద పోతుంటే ఇంకా తగ్గుతోందా?"

"తగ్గుతోందండీ."

"ఆపి కాసేపాగి ఎక్కితే మళ్ళీ వస్తోందా?"

హనుమాన్ జంక్షన్ కొబ్బరిబోండాలు గుర్తొచ్చాయి. చెప్పాను. "లోపల ఐసు కడుతోంది," అన్నాడు.

నలభై ఒక్క డిగ్రీల ఎండలో, మనిషి మాడిపోయే పెట్టెలో మంచుగడ్డ. నమ్మబుద్ధి కాలేదు. గేజీలు తగిలించి చూపించాడు. కాయిలు వైపు గ్యాసు ప్రెషరు చూపే నీలం గేజీ ముల్లు ఇరవై రెండు దగ్గర ఉంది. "దీన్ని చూసే గ్యాసు తక్కువైందంటారు చాలామంది," అన్నాడు. ఇక్కడే మోసపోతాం. కాయిల్లో పారే గ్యాసు పేరు ఆర్134ఏ. ముల్లు 28 దగ్గరుంటే కాయిలు సుమారు సున్నా డిగ్రీలని అర్థం. 22 అంటే సున్నాకి కింద నాలుగు డిగ్రీలు. గ్యాసు తక్కువైనా ఆ ముల్లు పడిపోతుంది, కాయిలు మీదికి గాలి రాకపోయినా పడిపోతుంది. గాలి వస్తేనే కదా కాయిలుకి వేడి అందేది. వేడి అందకపోతే అది తన చలిలో తానే గడ్డకడుతుంది. ముందు దుమ్ము, దుమ్ము వల్ల తగ్గిన గాలి, గాలి తగ్గి ఐసు, ఐసు కట్టి ఇంకా తగ్గిన గాలి. కారాపి కొబ్బరినీళ్ళు తాగే పావుగంటలో ఐసు కరుగుతుంది, మళ్ళీ కాస్త ఊపిరి వస్తుంది.

ఇలా దారిలో ఇరుక్కుపోయినప్పుడు చేయాల్సిన పని కూడా చెప్పాడు. ఏసీ బటన్ ఆపేసి ఫ్యాను మాత్రం నాలుగు మీద వదిలేయాలి. పది నిమిషాల్లో ఐసు కరిగి గాలి పుంజుకుంటే జబ్బు ఐసే. ఇంత చిన్న ఉపాయం తెలిసుంటే అమ్మ ఆ తడి తువ్వాలుతో గంటసేపు మగ్గేది కాదు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

గ్లోవ్ బాక్సులో ఉన్నవన్నీ తీసి సీటు మీద పెట్టాను. ఇన్సూరెన్సు కాగితాలు, పిప్పరమెంట్లు, అమ్మ మందుల చీటీ. మేస్త్రి బాక్సు రెండు పక్కలా నొక్కి కిందికి వాల్చాడు. వెనక నల్ల ప్లాస్టిక్కు డబ్బా కనిపించింది. దాని మీద సన్నటి నిలువు మూత. "ఇక్కడ ఫిల్టరు ఉండాలి. మీకు కంపెనీవాళ్ళు పెట్టలేదు." తక్కువ ధర మోడళ్ళకి ఫిల్టరు గది అచ్చుపోసి, ఫిల్టరు పెట్టకుండా మూత అతికించి పంపేవారట. తొమ్మిదేళ్ళు ఈ కారు బయటి దుమ్మంతా జల్లెడ లేకుండా మింగింది. ఫిల్టరున్న కారైతే సగం కేసులు ఇక్కడే, అది తీసి దులిపినప్పుడే తేలిపోతాయి. నాది అంత సులువుగా తేలేది కాదు.

మల్టీమీటరు తీసి మోటారు కప్లర్ దగ్గర సూదులు గుచ్చాడు. నాలుగో స్పీడు మీద 13.1 వోల్టులు. బ్యాటరీ దగ్గర 13.8. "ఈ మాత్రం తేడా ఫరవాలేదు. రెండు వోల్టులు పోతే ఎక్కడో వైరో ఎర్తో తుప్పు పట్టిందని వెతకాలి." ఊహ సరే, కానీ ఏ అనుమానాన్నైనా కొలిచాకే పక్కకి పెట్టాలన్నది అతని పద్ధతి. నాకు ఆ మనిషి మీద గౌరవం కలిగింది అక్కడే.

మూడు స్క్రూలు విప్పితే మోటారు చేతిలోకి ఊడొచ్చింది. దాని చివర ఉడతల బోను లాంటి గుండ్రటి చక్రం, చుట్టూ సన్నటి రెక్కలు. రెక్కలు ఉండాల్సిన చోట బూడిదరంగు నూగు. ప్రతి రెక్క లోపలి వంపూ నిండిపోయి నునుపైంది. ఆ వంపే గాలిని తోడి విసిరేది. వంపు పూడిపోతే చక్రం తిరుగుతుంది, చప్పుడు చేస్తుంది, గాలిని మాత్రం పట్టుకోలేదు. కుర్రాడు పాత టూత్‌బ్రష్‌తో ఒక్కో రెక్కా గీస్తుంటే నూగు పొరలు పొరలుగా ఊడుతోంది. అందులో వేపాకు ఈనెలు, ఎండిన వేపపూత, ఎవరివో తల వెంట్రుకలు. మా ఇంటి ముందు వేపచెట్టు. తొమ్మిదేళ్ళుగా దాని నీడలోనే కారు పెడుతున్నాను. ముందద్దం కింద నల్ల జాలీ ఉంటుందే, బయటి గాలి అక్కణ్ణించే లోపలికి వస్తుంది. ఉగాది ముందూ వెనకా పూత రాలినన్నాళ్ళూ అంతా అందులోకే రాలింది.

మోటారు తీసిన కంతలోకి మేస్త్రి నా ఫోను పెట్టి వీడియో తీసి చూపించాడు. అల్యూమినియం కాయిలు, పల్చటి రేకులు ఒకదాని పక్కన ఒకటి వందల కొద్దీ ఉండాలి. ఫోనులో కనిపించింది కంబళి. తడిసి, ఎండి, మళ్ళీ తడిసి గట్టిపడ్డ బూడిదరంగు కంబళి కాయిలు ముఖమంతా కప్పేసింది, కింది మూలన ఇంకా కరగని ఐసు పెచ్చు మెరుస్తోంది. కాయిలు ఎప్పుడూ తడిగానే ఉంటుంది, గాలిలో తేమ దాని మీద నీళ్ళై జారుతుంది కాబట్టి. తడి మీద పడ్డ దుమ్ము మళ్ళీ లేవదు. వేసవి మొదట్లో ఏసీ వేయగానే వచ్చే మురుగు గుడ్డ వాసన ఇదేనని అప్పుడు అర్థమైంది.

"డ్యాష్‌బోర్డు మొత్తం దించి కాయిలు బయటికి తీసి కడగొచ్చు. గ్యాసంతా తీయాలి, రెండు రోజులు పడుతుంది, తొమ్మిదేళ్ళ ప్లాస్టిక్కు, బిగించాక కిర్రు చప్పుళ్ళు వస్తాయి. ముందు ఇక్కణ్ణించే ప్రయత్నిద్దాం," అన్నాడు. నాకు అదే సబబనిపించింది. కుర్రాడు గాలి గొట్టం తెచ్చాడు. మేస్త్రి కసిరాడు: "అది పక్కన పెట్టరా. పెద్ద ప్రెషరు కొడితే రేకులు వాలిపోతాయి, చెత్త ఇంకా లోపలికి దిగుతుంది."

చేత్తోనే మొదలుపెట్టాడు. పొడుగాటి మెత్తని కుంచె, వంచిన తీగ, వ్యాక్యూమ్ గొట్టం. రేకులు ఎటు నిలబడి ఉన్నాయో అటే పైనుంచి కిందికి గీశాడు, అడ్డంగా ఒక్కసారి కూడా లాగలేదు. కంబళి చాపలా చుట్టుకుంటూ వచ్చింది. నేను టార్చి పట్టుకున్నాను. అరగంట పట్టింది. నా మోచేతి మీంచి చెమట కాగితాల మీద పడుతోంది, అతను తల ఎత్తలేదు. చివరికి గుప్పెడు నూగు నేల మీద పెట్టాడు, తడి పిచ్చుకగూడులా ఉంది.

తర్వాత కాయిలు కడిగే నురగ కొట్టాడు. పదిహేను నిమిషాలు ఆగాలి, టీ తాగుదాం రమ్మన్నాడు. టీ తాగి వచ్చి చూస్తే కారు కింద నీళ్ళ చుక్క లేదు. అతని ముఖం మారింది. "నురగ కరిగి కిందికి రావాలి. నీళ్ళ గొట్టం కూడా మూసుకుందన్నమాట. ఎడమ పక్క మ్యాటు తడిగా ఉంటోందా?" అని అడిగాడు. ఉంటోంది. అమ్మ నీళ్ళసీసా కారిందనుకున్నాం ఇన్నాళ్ళూ. కారు కిందికి దూరి కుర్రాడు గొట్టంలోకి తీగ పొడిచాడు. ముందు బురద ముద్ద, దాని వెనక కాటుక లాంటి నల్లటి నీళ్ళు ధారగా పడ్డాయి. శుభ్రమైన నీళ్ళు కంతలోంచి సన్నగా పోస్తూనే ఉన్నాడు, కిందికి వచ్చే నీళ్ళు నలుపు నుంచి టీ రంగుకి, టీ రంగు నుంచి తేటకి తిరిగేదాకా.

కాయిల్లో గుచ్చి ఉండే చలి కొలిచే సెన్సరుని కూడా బయటికి లాగి ఐసునీళ్ళ గ్లాసులో ముంచి మీటరు చూశాడు. చల్లబడేకొద్దీ అంకె పెరిగింది, అంటే బాగుంది. మరి ఐసు కడుతుంటే కంప్రెసరుని ఎందుకు ఆపలేదని అడిగాను. అది గుచ్చింది ఒకచోటేనట, గాలి ఆడని వేరే మూల గడ్డకడితే దానికి తెలియదట.

అతికించిన మూతని కోసి ఫిల్టరు పెట్టాడు. మామూలు కాగితం ఫిల్టరు. బొగ్గు పొర ఉన్నదీ ఉంది, వాసన ఆపుతుంది, కానీ గాలిని ఇంకాస్త ఆపుతుంది, చిన్న మోటారుకి వద్దన్నాడు. అంచు మీద బాణం గుర్తుంటుంది, గాలి పోయే దిక్కుకి ఉండాలి. మన దుమ్ముకి ఆరునెలలకోసారి తీసి చూసుకోమన్నాడు.

మోటారు బిగించి ఇంజన్ వేశాడు. అదే టిష్యూ కాగితం, అదే మధ్య గడి. ఒకటి మీదే పక్కకి లేచింది. నాలుగు మీద పెట్టేసరికి చేతిలోంచి ఊడి వెనక సీట్లో పడింది. మేస్త్రి నవ్వలేదు, థర్మామీటరు పుల్ల గడిలో గుచ్చి నీలం గేజీ వైపు చూపించాడు. ముల్లు ముప్పై ఎనిమిది. అదే గ్యాసు, ఒక్క గ్రాము కూడా పోయలేదు. పది నిమిషాలకి గడిలో తొమ్మిది డిగ్రీలు. గ్యాసు మీకు కొలిచి సరిగ్గానే పోశారు, కాకపోతే అవసరం లేదు, అన్నాడు. ఆ గ్యాసు గాలిలో కలిస్తే బొగ్గుపులుసు వాయువు కంటే వెయ్యి రెట్లకి పైగా భూమిని వేడెక్కిస్తుంది. అవసరం లేకుండా దాని గొట్టాలు విప్పకూడదని నేను ఇప్పుడు కనిపించిన ప్రతివాడికీ చెబుతున్నాను.

ఫిల్టరుతో కలిపి పదహారు వందలు తీసుకున్నాడు. బయల్దేరుతుంటే అద్దం మీద తట్టి అన్నాడు: "చెట్టు కింద పెట్టడం మానకండి, ఎండలో పెడితే కారే పాడవుతుంది. ఆదివారం ఆదివారం బానెట్ ఎత్తి ఆ జాలీలో ఆకులు ఏరుకోండి, చాలు."

సాయంత్రం పటమటలో పిన్నింటి ముందు ఆపాను. అమ్మ బయటికొచ్చి ముందు కారు కింద చూసింది. "ఇదేంట్రా, నీళ్ళు కారుతున్నాయి, పాడుచేసి పంపారా?" తేటనీళ్ళు చుక్క చుక్కగా పడుతున్నాయి, అరుగు దాకా చిన్న కాలవ కట్టింది. అవి గాలిలోంచి వచ్చిన నీళ్ళనీ, ఇన్నాళ్ళూ నీ కాళ్ళ కింద మ్యాటులోకి పోయినవి ఇవేననీ చెప్పాను. వంగి వేలితో తాకి చూసింది. "చల్లగా ఉన్నాయే," అంది.

తర్వాతి ఆదివారం ఏలూరులో పొద్దున్నే బానెట్ ఎత్తాను. జాలీ మూలల్లో వేప ఈనెలు, రెండు ఎండు కాయలు. వేళ్ళతో ఏరుతున్నాను, లోపలి అంచు దాకా వేలు పట్టడం లేదు. అమ్మ వాకిలి ఊడ్చడం ఆపి, నల్ల కళ్ళద్దాల్లోంచి కాసేపు చూసి, చీపురులోంచి ఒక పుల్ల విరిచి ఇచ్చింది.

"దీంతో లాగు."